మందగమనంలో ఉద్యోగ వేట: పరిచయాలు ఎలా పెంచుకోవాలి, ఎలా నిలుపుకోవాలి

మార్కెట్ పడిపోయినప్పుడు ఉద్యోగాలు పూర్తిగా మాయమైపోవు, నెమ్మదిస్తాయి. ఒకరు మానేస్తే ఆ స్థానంలో ఇంకొకరిని తీసుకోవడానికి కూడా మేనేజరు పైవాళ్లను ఒప్పించుకోవాలి. బడ్జెట్ ఈ నెల ఉందంటారు, వచ్చే నెల లేదంటారు, ఆపై నెల ఉన్నట్టుండి "పది రోజుల్లో మనిషి కావాలి" అంటారు. ఆ పది రోజుల్లో ప్రకటన వేసి, కుప్పలుగా వచ్చిపడే రెజ్యూమెలన్నీ చదివే తీరిక ఎవరికీ ఉండదు. "మనకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?" అన్న ప్రశ్నే ముందు పుడుతుంది.

ఆ ప్రశ్న పుట్టిన రోజున మీ పేరు ఎవరో ఒకరి నోటికి రావాలి. ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క పని కోసమే. మంచి రోజుల్లో పరిచయస్తులకు మెసేజ్ పెట్టిన వారానికే ఇంటర్వ్యూ పిలుపు రావచ్చు. ఇప్పుడు అదే మూడు నాలుగు నెలలు పట్టవచ్చు. మొదటి మెసేజ్ అందరూ పెడతారు. అన్ని నెలలూ ఎదుటివాళ్లకు భారం కాకుండా గుర్తుండటం దగ్గరే చాలామంది ఆగిపోతారు.

మీకేం కావాలో రెండు వాక్యాల్లో రాసుకోండి

"ఏదైనా పర్లేదండీ, ఏ ఉద్యోగం ఉన్నా చెప్పండి." కష్టంలో ఉన్నప్పుడు సహజంగా నోటికొచ్చే మాట ఇదే. వినేవాళ్లకు జాలి కలుగుతుంది. కానీ రేపు ఆఫీసులో ఏ మాట చెవిన పడ్డప్పుడు మీరు గుర్తుకు రావాలో వాళ్లకు తెలియదు. దీని బదులు ఇలా అని చూడండి: "ఆరేళ్లు గోడౌన్లలో సరుకు నిల్వల లెక్కలు చూశాను. తయారీ కంపెనీల్లో ప్లానింగ్ పని కోసం చూస్తున్నాను." ఇప్పుడు "స్టాకు లెక్క కుదరడం లేదు" అని ఎవరన్నా అనగానే మీ ముఖం గుర్తొస్తుంది.

ఇది మొదటి వాక్యం. రెండోది కాస్త వెడల్పుగా ఉండాలి, ఎందుకంటే మందగమనం అన్ని రంగాలనూ ఒకేలా దెబ్బతీయదు. నిర్మాణం, తయారీ రంగాల్లో నియామకాలు ముందుగా పడిపోతాయి. వైద్యం, విద్య అంతగా ఊగవు. ఖర్చులు తగ్గించే పనులకూ, బాకీలు వసూలు చేసే పనులకూ, ఉన్న యంత్రాలను ఇంకొన్నాళ్లు నడిపించే మెయింటెనెన్స్ పనులకూ ఇలాంటప్పుడు గిరాకీ ఉంటుంది. "ఆసుపత్రుల్లో మందుల స్టోర్ చూసే పనైనా, ఆరు నెలల కాంట్రాక్టైనా సరే" అని జోడిస్తే మీరు వెతికే చోటు పెరుగుతుంది, మీరెవరన్నది మాత్రం చెదరదు.

జాబితా రాయండి, దగ్గరివాళ్లతో ఆపేయకండి

మనకు ముందు గుర్తొచ్చేది ప్రాణస్నేహితులు, బంధువులు. వాళ్లు మన కోసం ఎంతైనా తిరుగుతారు. కానీ వాళ్లకు తెలిసినవాళ్లు చాలావరకు మనకూ తెలిసినవాళ్లే, వాళ్లు విన్న కబురు మన చెవిన కూడా పడే ఉంటుంది. 1973లో అచ్చయిన ఒక అధ్యయనంలో మార్క్ గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని న్యూటన్ పట్టణంలో, కొత్తగా ఉద్యోగం మారినవాళ్లకు అది ఎలా దొరికిందో పరిశీలించారు. సగానికి పైగా పరిచయాల ద్వారానే దొరికించుకున్నారు. అయితే ఆ పరిచయస్తులను తరచూ కలిసేవాళ్లమని చెప్పింది ఆరుగురిలో ఒకరే. మిగతావాళ్లకు కబురు అందించింది అప్పుడప్పుడు, లేదా ఎప్పుడో అరుదుగా కలిసేవాళ్లు. లింక్డ్‌ఇన్ వాడే 2 కోట్ల మందికి పైగా సభ్యులపై చేసి, 2022లో ఫలితాలు ప్రచురించిన పెద్ద ప్రయోగం కూడా దాదాపు ఇదే చెప్పింది. మరీ దగ్గరివాళ్ల కంటే, పేరుకు మాత్రమే పరిచయం ఉన్నవాళ్ల కంటే, ఆ మధ్యలో ఉన్నవాళ్ల వల్లే ఉద్యోగం మారే అవకాశం ఎక్కువని తేలింది.

అందుకని జాబితా రాసేటప్పుడు ఆ మధ్యలోవాళ్లను గుచ్చి గుచ్చి గుర్తుచేసుకోండి. రెండు కంపెనీల క్రితం పక్క టీములో పనిచేసినవాళ్లు. మీకు ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు. కాలేజీలో వేరే బ్రాంచివాళ్లు. మీ కంపెనీకి సరుకో సాఫ్ట్‌వేరో అమ్మిన వెండర్లు. ఈ వెండర్లను దాదాపు అందరూ మర్చిపోతారు గానీ, నన్నడిగితే జాబితాలో మొదటి పది పేర్లలో ఇద్దరు వాళ్లే ఉండాలి. వాళ్లు వారానికి నాలుగైదు కంపెనీల గడప తొక్కుతారు. ఎక్కడ పని పెరిగింది, ఎక్కడ మనిషి మానేశాడు, ఎక్కడ జీతాలు ఆలస్యమవుతున్నాయి అన్నీ వాళ్లకు తెలుసు.

ఇంకో ఇద్దరి దగ్గర మనసు వెనకాడుతుంది. ఒకరు ఒకప్పుడు మీ కింద పనిచేసిన జూనియర్లు. "నేను పని నేర్పినవాణ్ని ఇప్పుడు నేనే అడగాలా" అనిపించడం సహజం. అయినా అడగండి. మీరు పని ఎలా చేస్తారో దగ్గరగా చూసిన మనుషులు వాళ్లే. మీరు వాళ్లను మంచిగా చూసుకుని ఉంటే, సాయం చేసే అవకాశం వచ్చినందుకు నిజంగానే సంతోషిస్తారు.

రెండోది, మీతో పాటే లేఆఫ్ అయినవాళ్లు. "వాళ్లే ఖాళీగా ఉన్నారు, నాకేం చేస్తారు" అనుకుని చాలామంది దూరం జరుగుతారు. ఒక్క ఏడాది గడవనివ్వండి. ఇవాళ ఒకే తలుపులోంచి బయటికొచ్చిన ఇరవై మంది అప్పటికి పదిహేను వేర్వేరు కంపెనీల్లో ఉంటారు. మీ పని తెలిసినవాళ్లు అన్ని చోట్ల ఒకేసారి ఉండటం మంచి రోజుల్లో కూడా కుదరదు.

పేర్లన్నీ ఒక షీటులో పెట్టండి. పేరు, ఇప్పుడు ఎక్కడున్నారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడాను, ఏమన్నారు, నేను ఏం చేస్తానన్నాను, మళ్లీ ఎప్పుడు పలకరించాలి. ఇందులో "నేను ఏం చేస్తానన్నాను" అన్న గడి ఖాళీగా వదలకండి. దాని సంగతి కింద వస్తుంది.

మొదటి మెసేజ్

చాలామంది పంపేది ఇలా ఉంటుంది: "హాయ్ సర్, ఎలా ఉన్నారు?" జవాబు వచ్చేదాకా ఆగుతారు. "బాగున్నాను, మీరు?" అని రాగానే రెజ్యూమె అటాచ్ చేసి "మీ కంపెనీలో ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చూడండి సర్" అంటారు. అవతలి మనిషికి ఆ పలకరింపు దేనికో అప్పుడు అర్థమవుతుంది. పైగా "ఓపెనింగ్స్ లేవు" అనడం తప్ప ఆయన చేయగలిగింది కూడా ఏమీ లేదు. నియామకాలు ఆగిపోయిన కంపెనీలో ఉన్న మనిషిని ఉద్యోగం అడిగితే వచ్చే జవాబు అదొక్కటే. దాంతో సంభాషణ అక్కడే తెగిపోతుంది.

అదే మనిషికి ఇలా రాసి చూడండి:

"నమస్తే సర్. బిల్లింగ్ సిస్టమ్ మార్చినప్పుడు మీ టీముతో కలిసి మూడు నెలలు పనిచేశాను, రాత్రి డేటా సరిచూసే పని నాదే. పోయిన నెల మా డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను. బ్యాంకుల వైపు వెళ్దామా అని ఆలోచిస్తున్నాను. మీరు ఆ మార్పు చేసి వచ్చినవారు కాబట్టి, అక్కడ పని ఎలా ఉంటుందో ఒక పదిహేను నిమిషాలు అడిగి తెలుసుకోవాలని ఉంది. ఈ వారం పనిలో ఉంటే పర్వాలేదు సర్, వచ్చే వారమైనా సరే."

మీరెవరో ఆయన తలబద్దలు కొట్టుకోకుండా మొదటి వాక్యంలోనే గుర్తొచ్చింది. లేఆఫ్ సంగతి దాచలేదు, దాని మీద ఏడవలేదు. అడిగింది ఆయన ఇవ్వగలిగినదే. వాయిదా వేసుకునే వెసులుబాటు కూడా ఆయన చేతిలో పెట్టారు. రెజ్యూమె జత చేయలేదు, ఆయనే అడుగుతారు. ఇదే మెసేజ్‌ను పేరు మార్చి యాభై మందికి పంపితే ఆ విషయం చదివేవాళ్లకు తెలిసిపోతుంది. వారానికి ఐదు పంపండి, ఐదూ విడివిడిగా రాయండి.

లింక్డ్‌ఇన్‌లో ఉద్యోగం వెతుకుతున్నట్టు చూపించే సెట్టింగ్ రెండు రకాలు. ఒకటి అందరికీ కనిపించేలా ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ, రెండోది రిక్రూటర్లకు మాత్రమే. ఇంకా ఉద్యోగంలో ఉండే వెతుకుతున్నవాళ్లు రెండోదాన్ని కూడా పూర్తిగా నమ్మకండి. మీ కంపెనీ రిక్రూటర్లకు కనిపించకుండా చూస్తామంటారు తప్ప, గ్యారంటీ ఇవ్వలేమని లింక్డ్‌ఇన్ వాళ్లే చెబుతారు. పని పోయినవాళ్లకు మాత్రం ఆ పట్టీ పెట్టుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మాట్లాడే పదిహేను నిమిషాలు

ఫోన్ చేసేముందు ఆ మనిషి కంపెనీ గురించి బయట దొరికే సంగతులు చదివేయండి. చదివితే తెలిసే విషయాలు అడిగి వాళ్ల సమయం తినకండి. లోపలివాళ్లు మాత్రమే చెప్పగలిగేవి అడగండి. మందగమనంలో నేనైతే ఇవి అడగమంటాను: ఏ టీములో పని పెరిగి మనుషులు చాలడం లేదు? కొత్త బడ్జెట్ ఎప్పుడు తేలుతుంది? పర్మనెంట్ ఆపేసినా కాంట్రాక్టు మీద తీసుకుంటున్నారా? ఆ పనికి మనిషిని ఎంచుకునేది హెచ్‌ఆరా, టీము మేనేజరా? బడ్జెట్ తేలే నెల తెలిస్తే మళ్లీ ఎప్పుడు పలకరించాలో తెలిసినట్టే, దాన్ని వెంటనే షీటులో రాసుకోండి.

పని ఎందుకు పోయిందన్న ప్రశ్న వస్తుంది. ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ముందుకెళ్లండి: "ప్రాజెక్టు ఆగిపోయింది, మా టీము పన్నెండు మందినీ తీసేశారు." పాత బాసు మీద, పాత కంపెనీ మీద కోపం ఎంత న్యాయమైనదైనా ఇక్కడ వద్దు. రెజ్యూమెలో ఖాళీ నెలల గురించి లోలోపల నలిగిపోతున్నవాళ్లకు ఒక మాట. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో ముగ్గురు ఆర్థికవేత్తలు అమెరికాలోని 100 నగరాల్లో ఉద్యోగ ప్రకటనలకు కల్పిత రెజ్యూమెలు పంపి చూశారు. ఖాళీగా ఉన్న నెలలు పెరిగేకొద్దీ పిలుపులు తగ్గిన మాట నిజమే. కానీ ఉద్యోగాలు దండిగా ఉన్న చోట్ల ఆ తగ్గుదల ఎక్కువ, మార్కెట్ బలహీనంగా ఉన్న చోట్ల తక్కువ. అందరికీ పనులు పోతున్నప్పుడు, మీ పని పోవడాన్ని మీ లోపంగా చూసేవాళ్లు తగ్గుతారు. ఆ ఖాళీని దాచడానికి తంటాలు పడకండి.

పదిహేను నిమిషాలు కాగానే మీరే గుర్తుచేయండి: "సర్, టైమైంది, మిమ్మల్ని ఆపను. చివరిగా ఒకటే. ఈ విషయంలో నేను మాట్లాడాల్సినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" చాలాసార్లు ఇక్కడే ఒక పేరు బయటికొస్తుంది. "మీ పేరు చెప్పి రాయొచ్చా, లేక మీరే ఒక మాట చెబుతారా?" అని అడగండి. అనుమతి లేకుండా పేరు వాడితే ఆ పేరు ఇచ్చిన మనిషినీ పోగొట్టుకుంటారు.

మాట్లాడిన తర్వాత చేయాల్సింది

అదే రోజు సాయంత్రం రెండు లైన్ల కృతజ్ఞత పంపాలన్నది అందరికీ తెలిసిందే. అది పంపండి. అసలు సంగతి ఆ తర్వాత ఉంటుంది.

మాటల్లో వాళ్లు ఏదో ఒకటి సూచించి ఉంటారు: ఫలానా సర్టిఫికెట్ చూడమని, ఫలానా మనిషితో మాట్లాడమని, రెజ్యూమెలో పైన ఉన్నది కిందికి తీసుకెళ్లమని. మీరు "తప్పకుండా సర్" అని ఉంటారు. షీటులో ఆ గడి పెట్టమన్నది దీనికే. ఆ పని చేయండి. రెండు మూడు వారాల్లో, ఏమైందో చెప్పండి:

"సర్, మీరు చెప్పిన రిపోర్టింగ్ టూల్ నేర్చుకోవడం మొదలుపెట్టాను, పాత డేటాతో ఒక చిన్న నమూనా చేశాను. మీరు పేరిచ్చిన మేడమ్ నిన్న మాట్లాడారు. వాళ్ల దగ్గర ఇప్పుడు ఖాళీ లేదు కానీ కొత్త బడ్జెట్ వచ్చాక గుర్తుచేయమన్నారు. థాంక్యూ సర్."

ఇందులో మీరు ఏమీ అడగలేదు. కానీ సలహా ఇస్తే విని, చేసి, తిరిగొచ్చి చెప్పే మనిషి అని ఆయనకు తెలిసిపోయింది. ఆఫీసులో అందరూ వెతికేది అలాంటి మనిషినే. సలహా తీసుకుని కనపడకుండా పోయేవాళ్లు ఎంత ఎక్కువంటే, తిరిగొచ్చి చెప్పిన ఒక్కరూ ప్రత్యేకంగా గుర్తుండిపోతారు. ఇది నేను బలంగా నమ్మే విషయం. కొత్త పరిచయాలు పది పెంచుకోవడం కంటే పాత పలకరింపులు నాలుగు ఇలా పూర్తిచేయడం మేలు.

తర్వాత నెలకో, నెలన్నరకో ఒకసారి చాలు. చెప్పడానికి కొత్తదేమీ లేకపోతే వాళ్ల పనికి పనికొచ్చేదేదైనా పంపండి: వాళ్ల రంగంలో మారిన ఒక నిబంధన, వాళ్లు వెతుకుతున్నామన్న వెండర్ వివరం. గుడ్ మార్నింగ్ ఫార్వర్డులు వద్దు. "ఏమైనా తెలిసిందా సర్?" అన్న మెసేజ్ అంతకంటే వద్దు. దానికి జవాబు చెప్పలేక వాళ్లు మీ పేరు చూస్తేనే ఇబ్బంది పడటం మొదలుపెడతారు.

జవాబే రాకపోతే? పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయండి, అంతటితో రెండు నెలలు వదిలేయండి. ఈ మౌనం గుండెకు గుచ్చుకుంటుంది, తెలుసు. కానీ మందగమనంలో ఉద్యోగం ఉన్నవాళ్ల పరిస్థితి కూడా చూడండి. తీసేసినవాళ్ల పని వాళ్ల నెత్తిన పడి ఉంటుంది, తర్వాతి విడతలో తమ పేరు ఉంటుందేమోనన్న భయం లోపల ఉంటుంది. మీకు జవాబు రాయనిది మీరంటే గిట్టక కాదు. రెండు నెలల తర్వాత ఏ నిష్ఠూరమూ లేకుండా కొత్తగా పలకరిస్తే జవాబిచ్చేవాళ్లు చాలామందే ఉంటారు.

రిఫరల్ అడిగే పద్ధతి

ఇక్కడ మొహమాటం అక్కర్లేదు. చాలా కంపెనీలు తమ ఉద్యోగులు సూచించిన మనిషి చేరితే వాళ్లకు బోనస్ ఇస్తాయి. అందుకే మీరు అడిగేది దానం కాదు. కాకపోతే వాళ్ల పేరు పణంగా పెడుతున్నారు, కనుక పని సులువు చేసి ఇవ్వండి. ఆ పోస్టు లింకు లేదా నంబరు, దానికి తగ్గట్టు సరిచేసిన రెజ్యూమె, ఆ పనికి మీరెందుకు సరిపోతారో మూడు వాక్యాలు, అన్నీ ఒకే మెసేజ్‌లో పంపండి. ఆ మూడు వాక్యాలను వాళ్లు మేనేజరుకు యథాతథంగా పంపగలిగేలా ఉండాలి.

ముందే సొంతంగా అప్లై చేసేయకండి. మీ పేరు సిస్టమ్‌లోకి ఎక్కాక వచ్చిన రిఫరల్‌ను కొన్ని కంపెనీలు లెక్కలోకి తీసుకోవు, కాబట్టి ఏది ముందో లోపలి మనిషిని అడగండి. ఒకే పోస్టుకు ఇద్దరిని రిఫర్ చేయమనకండి. మీ పని బొత్తిగా తెలియని మనిషిని "నన్ను గట్టిగా సిఫారసు చేయండి" అనకండి, "నా రెజ్యూమె సరైన మనిషికి చేరేలా చూడగలరా?" అంటే సరిపోతుంది.

మీరూ ఇవ్వగలరు

పని లేనివాళ్ల చేతిలో ఇవ్వడానికి ఏముంటుంది అనుకోకండి. రోజూ పదుల ప్రకటనలు చూస్తున్నది మీరే. మీకు సరిపోనిది ఇంకొకరికి సరిపోతుంది, వాళ్లకు పంపండి. మీ ఇంటర్వ్యూలో ఏం అడిగారో అదే రంగంలో వెతికేవాళ్లకు చెప్పండి.

వీలైతే నలుగురైదుగురు కలిసి వారానికో గంట కూర్చోండి. 1970ల్లో నాథన్ అజ్రిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి జాబ్ క్లబ్బులను ప్రయోగాత్మకంగా నడిపారు. సభ్యులు ఖాళీల కబుర్లు పంచుకునేవారు, ఒకరి ఫోన్ సంభాషణ మరొకరు విని సరిదిద్దేవారు. ఒంటరిగా వెతికినవాళ్ల కంటే వీళ్లకు ఉద్యోగాలు త్వరగా వచ్చాయని 1975లో వాళ్ల బృందం ప్రచురించింది. మీ గుంపులో ఒకే రకం పని చేసేవాళ్లే ఉంటే పోటీ భయం వస్తుంది, వేర్వేరు పనులవాళ్లను కలుపుకోండి. ప్రతి ఒక్కరూ ఆ వారం ఎవరితో మాట్లాడారో, తర్వాత ఎవరికి రాస్తారో గట్టిగా చెప్పాలి. మెసేజ్ పంపేముందు పక్కవాళ్లకు చదివి వినిపించాలి. సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

ఒక హెచ్చరిక. ఇలాంటి రోజుల్లోనే మోసగాళ్లు రిక్రూటర్ల పేరుతో పలకరిస్తారు. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, ల్యాప్‌టాప్‌కు అడ్వాన్సు అంటూ ఎవరు డబ్బడిగినా అక్కడితో ఆపేయండి. ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి సరిచూసుకోండి.

ఆఫర్ వచ్చాక

మందగమనంలో ఆఫర్ లెటరు చేతికొచ్చినా చేరే తేదీ వాయిదా పడవచ్చు, ఒక్కోసారి ఆఫరే వెనక్కి తీసుకోవచ్చు. అందుకని లెటరు వచ్చిన రోజునే అందరికీ "ఇక అక్కర్లేదు" అని చెప్పేయకండి. జరుగుతున్న మాటలను మర్యాదగా నడవనివ్వండి. మొదటి రోజు లోపలికి వెళ్లి సీటులో కూర్చున్నాక, ఆ వారంలోనే షీటు తెరిచి ఒక్కొక్కరికీ విడిగా రాయండి. ఎక్కడ చేరారు, వాళ్లు చెప్పిన ఏ మాట పనికొచ్చింది, మీ వైపు నుంచి ఏం కావాలన్నా అడగమని. మీతో లేఆఫ్ అయి ఇంకా వెతుకుతున్నవాళ్లకు మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. మీ కొత్త కంపెనీలో ఏ టీములో పని పెరిగిందో, బడ్జెట్ ఎప్పుడు తేలుతుందో వాళ్లకు చెప్పగలిగేది ఇప్పుడు మీరే.